పిన్ ఎముకలోకి దిగేటప్పుడు జరిగేది: వేడి, పగులు, పట్టు

విరిగిన ఎముకలోకి పిన్నులు దించి, వాటిని ఒంటి బయట రాడ్లతో కలిపి నిలబెట్టే చట్రాన్ని ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్ అంటారు. అది బిగించిన ఐదారు వారాలకు పిన్ మొదట్లో చెమ్మ, నొప్పి, వేలితో కదిపితే ఊగడం మొదలవుతాయి. వెంటనే అందరి చూపూ డ్రెస్సింగ్ మీదికి పోతుంది. సరిగ్గా శుభ్రం చేసుకోలేదని రోగినో, సరిగ్గా కట్టలేదని నర్సునో అంటారు. కొన్నిసార్లు అది నిజమే. కానీ చాలా పిన్నుల జాతకం ఆపరేషన్ బల్ల మీద, డ్రిల్ తిరిగిన ఆ అర నిమిషంలోనే రాసేసి ఉంటుంది. రంధ్రం గోడ కాలిందా, పగిలిందా, మర తెగిందా అన్నవి అప్పుడే తేలిపోతాయి. చీము తర్వాత వచ్చి చేరుతుంది.

ఈ వ్యాసం ఆర్థోపెడిక్ పీజీలకు, ఓటీ టెక్నీషియన్లకు, ఇంప్లాంట్ల మీద పనిచేసే బయోమెడికల్ ఇంజనీర్లకు. షాంజ్ స్క్రూలు (కొసన మర ఉన్న పిన్నులు), కె-వైర్లు (మర లేని సన్నటి తీగలు), రింగ్ ఫిక్సేటర్ తీగలు (చుట్టూ ఉండే రింగులకు లాగి బిగించేవి) ఎముకలోకి దిగేటప్పుడు యాంత్రికంగా ఏం జరుగుతుంది, దాన్ని బట్టి చెయ్యి ఎలా నడవాలి అన్నదే ఇక్కడి విషయం. నరాలు, రక్తనాళాలు తప్పించే సురక్షిత మార్గాలను అనాటమీ పుస్తకం దగ్గర పెట్టుకుని విడిగా నేర్చుకోవాలి. సీనియర్ పక్కన లేకుండా రోగి మీద మొదటి పిన్ వేయకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ఎముక ఎలాంటి సరుకు

కార్టెక్స్‌ను, అంటే ఎముక బయటి దట్టమైన గోడను, చెక్కతో పోల్చడం మామూలే, ఆ పోలిక కొంతవరకు పనికొస్తుంది కూడా. పొడవు వెంబడి దాని స్థితిస్థాపక గుణకం (బిర్రుతనానికి కొలత) సుమారు 17 నుంచి 20 గిగాపాస్కల్స్, అడ్డంగా అందులో అరవై శాతం దాకా. పిన్నులకు వాడే 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలుది 190 నుంచి 200, టైటానియం మిశ్రమానిది సుమారు 110. అంటే స్టీలు పిన్ తన చుట్టూ ఉన్న ఎముక కంటే పదింతలు బిర్రు. ఇద్దరిలో ఎవరో ఒకరు తగ్గాల్సి వస్తే ప్రతిసారీ తగ్గేది ఎముకే.

చెక్క పోలిక రెండు చోట్ల చెడుతుంది. మొదటిది, ఎముక వేడిని బయటికి పోనివ్వదు. స్టీలుతో పోలిస్తే దాని ఉష్ణ వాహకత ముప్పయ్యో వంతో, అంతకంటే తక్కువో. పుట్టిన వేడి పుట్టిన చోటే కూర్చుంటుంది. రెండోది, ఇది బతికున్న సరుకు. చెక్కలో రంధ్రం గోడ నల్లబడినా మేకు నిలుస్తుంది. ఎముకలో కాలిన గోడను ఒళ్లు నెమ్మదిగా కరిగించి తీసేస్తుంది, దాంతో పిన్ చుట్టూ ఖాళీ ఏర్పడుతుంది.

ముందు పిన్ లావు తేల్చుకోవాలి

పిన్ వంగకుండా నిలబడే శక్తి దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 5 మి.మీ. పిన్ బదులు 6 మి.మీ. వాడితే బిర్రుతనం రెట్టింపు కంటే కాస్త ఎక్కువే అవుతుంది. 4 నుంచి 5కి వెళ్తే దాదాపు రెండున్నర రెట్లు. కాబట్టి చేతికొచ్చిన సైజు వేసేసి, ఫ్రేమ్ ఊగుతోందని తర్వాత రాడ్లు కలుపుతూ పోవడం తెలివైన పని కాదు. అలాగని ఎంత లావైనా వేయొచ్చా అంటే, అక్కడ ఎముక అడ్డుపడుతుంది.

గుండ్రటి రంధ్రం అంచున ఒత్తిడి పోగుపడుతుంది. వెడల్పాటి పలకను లాగితే రంధ్రం పక్కన ఒత్తిడి మూడింతలవుతుందని, మెలితిప్పితే నాలుగింతలవుతుందని స్థితిస్థాపక సిద్ధాంతం చెబుతుంది. పొడవెముకలు మెలిలో విరగడం మామూలే కాబట్టి రెండో సంఖ్యను గుర్తుంచుకోండి. ప్రయోగశాల పరీక్షల్లో ఎముక వ్యాసంలో 20 శాతం వెడల్పున్న రంధ్రం మెలి బలాన్ని సుమారు మూడో వంతు తగ్గించింది. 25 మి.మీ. టిబియాలో (మోకాలి కింది పెద్ద ఎముక) 5 మి.మీ. పిన్ అంటే సరిగ్గా ఆ 20 శాతమే. పిన్ ఎముక వ్యాసంలో మూడో వంతు దాటకూడదన్నది అందరికీ తెలిసిన సూత్రం. దాన్ని గమ్యంగా కాకుండా ఆఖరి గోడగా చూడాలి. పెద్దవాళ్ల టిబియాకు 5, ఫీమర్‌కు (తొడ ఎముక) 5 లేదా 6, ముంజేతికి 3 లేదా 4, అరచేతి ఎముకలకు 2.5 మి.మీ. లేదా అంతకంటే సన్నవి సాధారణంగా సరిపోతాయి.

రంధ్రం ఎంత వెడల్పో, ఎముకలో ఎక్కడ పడిందన్నదీ అంతే ముఖ్యం. పిన్ ఎముక నడిమధ్య గుండా పోయి రెండు కార్టెక్సులనూ నేరుగా దాటాలి. పక్కకు జరిగి ఒకే కార్టెక్స్ మందంలో పొడవుగా దూసుకుపోతే మూడు నష్టాలు ఒకేసారి వస్తాయి. డ్రిల్ దట్టమైన ఎముకలో ఎక్కువసేపు తిరిగి కాలుస్తుంది. రంధ్రం పొడుగాటి గంటులా మారి ఎముకను బలహీనపరుస్తుంది. ఆవలి వైపు పట్టూ ఉండదు. టిబియా ముందంచు మీద పిన్ వేయొద్దనేది ఇందుకే. అక్కడ కార్టెక్స్ చాలా మందం, పైగా ఏటవాలు, మొన జారుతుంది. అంచు నుంచి లోపలివైపు చదును ముఖం మీదికి జరిగి వేయండి.

వేడి లెక్క

1983లో ఎరిక్సన్, ఆల్‌బ్రెక్ట్‌సన్ కుందేళ్ల ఎముకల మీద చేసిన ప్రయోగం నుంచి వచ్చిన గీత ఇప్పటికీ నిలిచే ఉంది: 47 డిగ్రీల సెల్సియస్ ఒక నిమిషం పాటు ఉంటే ఎముక దెబ్బతింటుంది. ఒంటి వేడి 37. మన చేతిలో ఉన్నది పది డిగ్రీలే.

ఆ పది డిగ్రీలు ఎంత చిన్నవో లెక్కేస్తే అర్థమవుతుంది. 3.5 మి.మీ. డ్రిల్‌తో 5 మి.మీ. మందం కార్టెక్స్‌ను తొలుస్తున్నామనుకోండి. రంధ్రం చుట్టూ ఒక మి.మీ. మందం ఎముక ఉంగరం బరువు సుమారు 0.14 గ్రాములు. దాన్ని పది డిగ్రీలు వేడెక్కించడానికి రెండు జౌళ్లు కూడా అక్కర్లేదు. ఇప్పుడు డ్రిల్ వైపు చూడండి. 0.1 న్యూటన్ మీటర్ టార్క్‌తో నిమిషానికి 600 చుట్లు తిరిగితే అది సెకనుకు 6 జౌళ్లకు పైగా పోస్తోంది. పది సెకన్లలో అరవైకి పైనే. ఇందులో ముప్పయ్యో వంతు గోడలో మిగిలినా హద్దు దాటినట్టే. ప్రతిసారీ హద్దు దాటడం లేదంటే కారణం, వేడిలో ఎక్కువ భాగం తురుముతో పాటు బిట్ గాడుల్లోంచి బయటికి వచ్చేస్తోంది. అందుకే తురుము బయటికి రావడం మీదే మొత్తం ఆట నడుస్తుంది.

దీని నుంచి నాలుగు అలవాట్లు పుడతాయి. మొద్దుబారిన బిట్ వాడొద్దు. పదునున్న అంచు కోస్తుంది, మొద్దు అంచు రాస్తుంది, రాపిడి అంతా వేడే. బిట్ అంచును వెలుతురుకు పెట్టి చూడండి, తళుక్కున మెరిసే గీత కనబడితే అది గుండ్రబడిందని లెక్క. రెండోది, తక్కువ వేగంతో, గట్టిగా నొక్కి తొలవండి. మెల్లగా నొక్కుతూ ఎక్కువ వేగంతో తిప్పడం చూడటానికి సుతారంగా ఉంటుంది, కానీ అప్పుడు వచ్చేది పిండిలాంటి సన్నటి తురుము. సన్నటి తురుము తీయడానికి ఘనపరిమాణానికి ఖర్చయ్యే శక్తి ఎక్కువ, పట్టే సమయమూ ఎక్కువ. చిన్న చిన్న పెళుసు రేకులు రాలుతుంటే చెయ్యి సరిగ్గా నడుస్తున్నట్టు. మూడోది, కొన్ని సెకన్లకోసారి బిట్‌ను వెనక్కి లాగి గాడులు తుడవండి. గాడులు నిండిన బిట్ కొయ్యదు, లోపల రుబ్బుతుంది. నాలుగోది సెలైన్. గది ఉష్ణోగ్రతలో ఉన్న సెలైన్ ధారగా పడాలి. స్లీవ్ (బిట్‌ను నడిపించే గొట్టం) పైనుంచి పోస్తే అది స్లీవ్ గోడల మీదుగా జారిపోతుంది కానీ మొనకు చేరదు. బిట్ వెనక్కి లాగినప్పుడు స్లీవ్ లోపలికి సిరంజితో కొట్టండి. ఆవలి కార్టెక్స్ దగ్గరికి వచ్చేసరికి సెలైన్ ఎంత పోసినా మొనకు అందేది తక్కువే, అక్కడ ఆదుకునేది వెనక్కి లాగి తుడిచే అలవాటు మాత్రమే.

కాలిన గోడ ఎక్స్‌రేలో కొన్ని వారాల తర్వాత ఉంగరంలా కనబడుతుంది: మధ్యలో పిన్ ఉన్న చోటు, దాని చుట్టూ దట్టమైన చచ్చిన ఎముక, దాని బయట నల్లటి వలయం. దాన్ని ఉంగరం సీక్వెస్ట్రమ్ అంటారు. అది కనబడిందంటే పిన్ తీసి, ఆ దారిని గీకి శుభ్రం చేయాల్సిందే, యాంటీబయాటిక్‌తో సరిపెట్టలేరు.

షాంజ్ స్క్రూ: ఒక్కో అడుగు

చర్మం మీద ఒక సెంటీమీటరు కోత పెట్టి, ఎముక దాకా మొద్దు కత్తెరతో దారి చేయండి. ట్రోకార్ (మొనదేలిన కడ్డీ), డ్రిల్ స్లీవ్, బయటి స్లీవ్ మూడూ కలిపి ఎముక మీదికి దించండి. ట్రోకార్ మొనతో రెండు వైపులా అటూ ఇటూ తడిమి ఎముక అంచులు ఎక్కడున్నాయో తెలుసుకుని, మధ్యకు వచ్చి స్లీవ్‌ను గట్టిగా ఆనించండి. ఇక అక్కడి నుంచి స్లీవ్ కదలకూడదు. స్లీవ్ కదిలితే బిట్ వంకరపోతుంది, వంకర బిట్ గుండ్రటి రంధ్రం చేయదు, కోడిగుడ్డు ఆకారం చేస్తుంది. కోడిగుడ్డు రంధ్రంలో గుండ్రటి పిన్ రెండు చోట్లే ఆనుతుంది.

బిట్ సైజు పిన్ తయారీదారు చెప్పిందే వాడండి. 5 మి.మీ. షాంజ్ స్క్రూకు చాలా సెట్లలో 3.5 మి.మీ. బిట్ ఉంటుంది, కానీ అన్ని పిన్నుల మర లోతు ఒకటి కాదు. వేర్వేరు సెట్ల పిన్నులూ బిట్లూ కలిసిపోయిన ట్రేలోంచి అందినది తీసుకోవడమే ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు. వెర్నియర్ కాలిపర్ ఉంటే ఆపరేషన్‌కు ముందే మర అడుగు వ్యాసం (మర పళ్లు కాకుండా లోపలి కడ్డీ లావు) కొలిచి చూడొచ్చు.

ఎందుకింత పట్టింపు అంటే: రంధ్రం మర అడుగు వ్యాసం కంటే ఇసుమంత చిన్నదిగా ఉంటే పిన్ దిగాక ఎముక దాన్ని అన్ని వైపుల నుంచీ పిసికి పట్టుకుంటుంది. ఈ ముందస్తు బిగింపు ఉన్నంతకాలం బరువు పడినా పిన్‌కూ ఎముకకూ మధ్య సన్నటి కదలిక రాదు. కదలిక లేకపోతే ఎముక కరగదు. ఎంత చిన్నదిగా ఉండాలి? సుమారు 0.1 మి.మీ. చాలు. 0.4 దాటితే కార్టెక్స్‌లో సన్నటి పగుళ్లు వస్తాయి. దీన్ని చేతి లెక్కతో చూడొచ్చు. మర అడుగు 4 మి.మీ. అనుకుంటే, 0.1 మి.మీ. తేడా గోడ మీద ఎముకను చుట్టుకొలత వెంబడి 2.5 శాతం సాగదీస్తుంది. కార్టెక్స్ 0.7 శాతం దగ్గరే శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుంది, 2 నుంచి 3 శాతం దగ్గర తెగుతుంది. అంటే 0.1కే గోడను ఆనుకున్న పలుచటి పొర హద్దు మీద ఉంది. ఈ సాగుడు దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి గోడ నుంచి 2 మి.మీ. అవతలికి అది 0.6 శాతానికి పడిపోతుంది, అక్కడ ఎముక క్షేమం. 0.4 మి.మీ. తేడాకు గోడ మీద 10 శాతం, 2 మి.మీ. అవతల కూడా 2.5. అప్పుడు పగిలేది పొర కాదు, రెండు మి.మీ. మందం గోడ మొత్తం. బిగుతు ఎక్కువైతే పట్టు పెరుగుతుందన్న భావన ఇక్కడ తిరగబడుతుంది.

రెండు కార్టెక్సులూ తొలిచాక లోతు కొలిచి, డ్రిల్ స్లీవ్ తీసేసి, పిన్‌ను టి-హ్యాండిల్‌తో చేత్తో తిప్పండి. పవర్ డ్రిల్‌తో తిప్పితే ఒక నిమిషం మిగులుతుంది, కానీ చేతికి తెలియాల్సినది తెలియకుండా పోతుంది. ఈవలి కార్టెక్స్‌లో మర పట్టగానే బరువు తెలుస్తుంది, మజ్జలో కొన్ని చుట్లు తేలిక, ఆవలి కార్టెక్స్ తగలగానే మళ్లీ బరువు. ఆ రెండో బరువు రాకపోతే పిన్ ఆవలి రంధ్రాన్ని తప్పినట్టు. ఇంకా తిప్పుతూ పోకుండా అక్కడే ఆగి సి-ఆర్మ్‌లో (బల్ల దగ్గరే వాడే ఎక్స్‌రే యంత్రం) చూడండి.

పిన్ మొన శంఖు ఆకారంలో ఉంటుంది, దానికి పట్టు ఉండదు. కాబట్టి నిండు మర ఆవలి కార్టెక్స్‌ను దాటి ఒకటి రెండు మి.మీ. బయటికి రావాలి. అంతకంటే ఎక్కువ పోతే అవతల కండరమో నాళమో ఉంటుంది. మర పొడవునా సన్నబడే పిన్ అయితే ఇంకో జాగ్రత్త: దాన్ని వెనక్కి తిప్పకూడదు. సగం చుట్టు వెనక్కి వచ్చినా లావు భాగం ఖాళీ అయిన చోట సన్న భాగం కూర్చుంటుంది, పట్టు అక్కడికక్కడే పోతుంది. ఇలాంటి పిన్‌ను ఒక చుట్టు తక్కువ దగ్గర ఆపి, సి-ఆర్మ్ చూసి, మిగిలింది ముందుకు తిప్పడమే క్షేమం. మర సమానంగా ఉన్న పిన్‌ను కాస్త వెనక్కి తెచ్చినా అంత నష్టం లేదు.

తనే తొలుచుకుపోయే పిన్నుల సంగతి

ముందు రంధ్రం అక్కర్లేని పిన్నులు సమయం మిగులుస్తాయి. అత్యవసరంలో, స్పాంజి ఎముకలో వాటితో ఇబ్బంది తక్కువ. దట్టమైన కార్టెక్స్‌లో మాత్రం వాటి నిర్మాణంలోనే ఒక తగాదా ఉంది. పిన్ మొన ఆవలి కార్టెక్స్‌ను తాకే సమయానికి మర ఈవలి కార్టెక్స్‌లో ఇప్పటికే పట్టి ఉంటుంది. మర పిచ్ 1.75 మి.మీ. అనుకుంటే, చుట్టుకు 1.75 మి.మీ. ముందుకు పోవాలని ఈవలి వైపు మర అడుగుతుంది. మొన దట్టమైన ఎముకను తొలుస్తూ చుట్టుకు 0.2 మి.మీ. మాత్రమే పోగలిగితే? ఐదు మి.మీ. ఆవలి కార్టెక్స్ దాటడానికి 25 చుట్లు. ఆ 25 చుట్లలో ఈవలి మర 44 మి.మీ. ముందుకు లాగాలని చూస్తుంది. లాగలేదు కాబట్టి తను కోసుకున్న ఎముక మరను తనే అరగదీస్తుంది. మొన గాడులు బాగా రూపొందించిన పిన్నుల్లో ఈ తేడా తగ్గుతుంది, పూర్తిగా పోదు. పైగా పిన్ మీద బరువు పడినప్పుడు ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువగా పోగయ్యేది ఆ ఈవలి కార్టెక్స్ దగ్గరే. అంటే గట్టిగా ఉండాల్సిన చోటే మర పోతోంది. ఇక తురుము వెళ్లడానికి చోటు తక్కువ కాబట్టి వేడి కూడా ఎక్కువే. పెద్దవాళ్ల టిబియా నడిభాగంలో, తొందర లేని కేసులో, ముందు రంధ్రం చేయకుండా వేయడానికి నాకు ఏ కారణమూ కనబడదు.

బయట మిగిలిన పిన్

పిన్ రాడ్‌కూ ఎముకకూ మధ్య ఎంత పొడవు ఖాళీగా ఉందన్నదాని మూడో ఘాతం మేరకు ఫ్రేమ్ మెత్తబడుతుంది. రాడ్‌ను ఎముక నుంచి 60 మి.మీ. దూరం నుంచి 40కి దించితే పిన్ బిర్రుతనం మూడు రెట్లు దాటుతుంది. ఇది పైసా ఖర్చు లేని మెరుగుదల. చర్మం వాపుకు చోటు వదిలి, ఒకటి రెండు వేళ్లు దూరేంత ఎడంలో రాడ్ బిగించండి. విరిగిన ఎముక ప్రతి ముక్కలో ఒక పిన్ విరుపుకు దగ్గరగా, ఒకటి వీలైనంత దూరంగా ఉండాలి. టైటానియం పిన్ అదే సైజు స్టీలు పిన్ కంటే దాదాపు 1.8 రెట్లు ఎక్కువ వంగుతుందన్నది కూడా ఇక్కడే లెక్కలోకి తీసుకోండి.

రాడ్ బిగించేటప్పుడు పిన్నులను వంచి క్లాంప్‌లోకి తెచ్చే అలవాటు ఒకటుంది. ఒక వైపుకు కొద్దిగా వంచితే పిన్ ఒక గోడను నొక్కుతూ బిగుతుగా అనిపిస్తుంది, ఎదుటి గోడ దగ్గర అప్పుడే సందు తెరుచుకుంటుంది. నొక్కుడు పడిన వైపు ఎముక కరిగి రెండు వైపులా వదులవుతుంది. చుట్టూ సమానమైన బిగింపు వేరు, వంపు బిగింపు వేరు.

కె-వైర్లు

స్టైన్‌మన్ తన మేకులను 1907లో తెస్తే, రెండేళ్లకు కిర్ష్‌నర్ వాటికంటే ఎంతో సన్నటి తీగలను ప్రతిపాదించాడు. ఇవాళ్టి కె-వైర్లు 0.8 నుంచి 3 మి.మీ. దాకా దొరుకుతాయి. మర లేదు, గాడి లేదు. మొన ఎముకను కోయడం కంటే పక్కకు తోసి రుబ్బుతుంది, తురుము పోయే దారే ఉండదు. కాబట్టి అదే వ్యాసం డ్రిల్ బిట్ కంటే ఇవి ఎక్కువ వేడి పుట్టిస్తాయి. పట్టు కేవలం రాపిడి మీద ఆధారపడింది, గోడ కాలితే రాపిడీ పోతుంది, తీగ జారుతుంది.

మొదటి ఇబ్బంది వంగడం. 1.6 మి.మీ. స్టీలు తీగను డ్రిల్ నుంచి 100 మి.మీ. బయట పెట్టి నొక్కితే, మొనకు ఎముకలో పట్టు దొరకకముందు సుమారు 16 న్యూటన్లకే, అంటే ఒకటిన్నర కిలో బరువుకే, పక్కకు విల్లులా వంగుతుంది. అదే తీగను 40 మి.మీ. మాత్రమే బయట ఉంచితే 99 న్యూటన్లు తట్టుకుంటుంది. 1 మి.మీ. తీగ అయితే 100 మి.మీ. పొడవుకు రెండున్నర న్యూటన్లు కూడా నిలవదు. అందుకే పొట్టిగా పట్టుకోవాలి, ముందుకు పోయేకొద్దీ డ్రిల్‌ను వెనక్కి జరుపుకుంటూ వెళ్లాలి, సన్న తీగలకు గైడ్ స్లీవ్ వాడాలి. వంగిన తీగ తిరిగితే గిరగిరా కొట్టుకుని రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. ఒకసారి వంగిన తీగను పారేయండి, చేత్తో సరిచేసి మళ్లీ వేస్తే అది ఎటు పోతుందో దానికే తెలియదు.

ఏటవాలుగా వేయాల్సి వస్తే ముందు ఎముకకు లంబంగా మొన పట్టేదాకా తిప్పి, పట్టు దొరికాక అవసరమైన కోణానికి వంచుకోండి. ఆవలి కార్టెక్స్‌ను ఏటవాలుగా తాకిన మొన దాన్ని తొలవకుండా లోపలి గోడ వెంబడి జారిపోవచ్చు. నొక్కుడు తగ్గించి, కోణం పెంచి మళ్లీ ప్రయత్నించాలి.

ఒకే తీగను మళ్లీ మళ్లీ తీసి వేయడం పెద్ద తప్పు. ప్రతి ప్రయత్నం ఒక ఖాళీ రంధ్రం, కొంత కాలిన గోడ. పిల్లల్లో ఎదుగుదల పలకను (ఎముక పొడవు పెరిగే చోటు) దాటే తీగకు ఇది మరింత వర్తిస్తుంది: మర లేని నున్నటి తీగ, వీలైనంత సన్నది, వీలైతే మధ్యగా, ఒక్కసారే. మోచేతి పైభాగం విరుపులో రెండు తీగలు విరుపు గీత దగ్గరే ఒకదాన్నొకటి దాటితే ఎముక ఆ బిందువు చుట్టూ తిరుగుతుంది. గీత దగ్గర అవి వీలైనంత ఎడంగా ఉండాలి, దాటేది విరుపుకు పైన. బయట మిగిలిన కొసను వంచి కత్తిరించండి, లేకపోతే తీగ లోపలికి ప్రయాణం కట్టొచ్చు.

రింగ్ ఫిక్సేటర్ తీగలు

ఇక్కడ తీగ సన్నదే కానీ లాగి బిగిస్తాం కాబట్టి లెక్క మారుతుంది. పెద్దవాళ్ల కాలికి నిండు రింగు మీద 1.8 మి.మీ. తీగను 130 కిలోల దాకా, 1.5 మి.మీ. తీగను 90 కిలోల దాకా లాగుతారు. ఈ రెండు సంఖ్యలను అడ్డుకోత వైశాల్యంతో భాగించి చూస్తే రెండింట్లోనూ ఒత్తిడి సుమారు 500 మెగాపాస్కల్స్ దగ్గరే వస్తుంది. అంటే రెండు తీగలనూ ఒకే హద్దు దాకా వాడుకుంటున్నాం. సగం రింగుల మీద అంత లాగితే రింగే వంగుతుంది, అక్కడ 50 నుంచి 70తో ఆగాలి.

వేసే పద్ధతిలో ఓపిక కావాలి. తీగను చర్మం మీది నుంచి ఎముక దాకా తిప్పకుండా నేరుగా గుచ్చండి. కార్టెక్స్‌లో కొన్ని సెకన్లు తిప్పి, ఆపి, మళ్లీ తిప్పండి. తడి గాజుగుడ్డతో తీగను పట్టుకుంటే అది ఊగదు, చల్లగానూ ఉంటుంది. ఆవలి కార్టెక్స్ దాటిన క్షణం చేతికి తెలుస్తుంది, అక్కడితో డ్రిల్ కట్టేయండి. మిగిలిన దూరం సుత్తితో మెల్లగా తట్టండి, లేకపోతే తిరిగే మొన కండరాన్నో నరాన్నో చుట్టేసుకుంటుంది. తర్వాత తీగ ఎక్కడుంటే రింగును అక్కడికి వాషర్లతో తీసుకురండి. తీగను రింగు దగ్గరికి వంచి బిగిస్తే, లాగినప్పుడు అది తిన్నగా అవ్వాలని చూస్తూ ఎముక గోడను ఒక పక్కనే కోస్తుంది, రోగికి మొదటి రాత్రి నుంచే నొప్పి.

తప్పిన రంధ్రం, తీసేసిన పిన్

పిన్ తప్పుగా పడితే కొత్త రంధ్రం పాతదాని పక్కనే చేయాలని చెయ్యి లాగుతుంది. రంధ్రం మధ్య నుంచి దాని వ్యాసార్థానికి మూడింతల దూరంలో ఒత్తిడి పెరుగుదల ఏడెనిమిది శాతానికి తగ్గిపోతుంది. కాబట్టి రెండు రంధ్రాల మధ్య బిందువులు కనీసం మూడు వ్యాసాల ఎడంలో ఉంటే ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద పెద్దగా పడదు. 5 మి.మీ. పిన్‌కు అది 15 మి.మీ. అంతకంటే దగ్గరైతే రెండు రంధ్రాల మధ్య మిగిలిన ఎముక వంతెన కాలినదీ, బలహీనమైనదీ అవుతుంది.

పిన్ తీశాక మిగిలేది ఖాళీ రంధ్రం, దాని అంచున మళ్లీ అదే ఒత్తిడి పోగు. కుందేళ్ల మీద చేసిన పాత ప్రయోగాల్లో స్క్రూ లోపల ఉండగానే ఎముక తనను తాను సర్దుకుని ఎనిమిది వారాలకు ఆ బలహీనత పోయింది, స్క్రూ తీయగానే తిరిగి వచ్చింది. మనుషుల్లో రంధ్రం నిండడానికి ఇంకా ఎక్కువ సమయం పట్టొచ్చు. అందువల్ల ఫ్రేమ్ తీసిన రోజే పరుగెత్తమనకుండా, మెలి పడే ఆటలూ బరువులూ కొన్ని వారాలు ఆపమని రోగికి స్పష్టంగా చెప్పాలి. తీసేటప్పుడు పిన్ ఎంత బలంతో తిరిగిందో కేసు షీటులో రాయడం మంచి అలవాటు. వేలితో తిరిగి వచ్చేసిన పిన్ వదులైనదే, దాని దారిని ఎక్స్‌రేలో మళ్లీ చూడాలి. హైడ్రాక్సీఅపటైట్ (ఎముకలో ఉండే ఖనిజం) పూత ఉన్న పిన్నులు మాత్రం తీసేటప్పుడు చాలా గట్టిగా ఉంటాయి, దానికి తగ్గ హ్యాండిల్ సిద్ధం చేసుకోండి.

బల్ల మీద సాధన

చెయ్యి కుదరడానికి పశువు కాలి ఎముక చాలు. కండ తీసి, 37 డిగ్రీల సెలైన్‌లో గంట నానబెట్టండి. వైస్‌లో బిగించి, ఆ వైస్‌ను తూకం యంత్రం మీద పెట్టండి. డ్రిల్ నొక్కినప్పుడు ఎన్ని కిలోలు పడుతోందో కళ్ల ముందే తెలుస్తుంది. చాలామంది తాము గట్టిగా నొక్కుతున్నామనుకుంటూ రెండు కిలోలు కూడా వేయరు. 4 నుంచి 8 కిలోల మధ్య వేర్వేరు నొక్కుళ్లతో తొలిచి, పట్టిన సమయమూ తురుము ఆకారమూ రాసుకోండి.

వేడి కొలవాలంటే పిన్ పడబోయే గోడకు అర మి.మీ. దూరంలో, ఈవలి కార్టెక్స్ సగం లోతు దాకా, 1 మి.మీ. రంధ్రం చేసి కె-రకం థర్మోకపుల్ పెట్టండి. కొంచెం ఉష్ణవాహక పేస్టు వేస్తే సూచిక త్వరగా స్పందిస్తుంది. అక్కడ కనబడేది గోడ మీది వేడి కాదని గుర్తుంచుకోండి. ఎముక వేడిని అంత నెమ్మదిగా పంపుతుంది కాబట్టి అసలు గోడ దానికంటే వేడిగా ఉంటుంది. అదే ఎముకలో కొత్త బిట్‌తో ఒకసారి, చాలాసార్లు వాడిన బిట్‌తో ఒకసారి, ముందు రంధ్రం లేకుండా కె-వైర్‌తో ఒకసారి తొలిచి, 47 దాటిన సమయాన్ని మూడింటికీ పక్కపక్కన రాయండి. తర్వాత షాంజ్ స్క్రూలు వేసి, దించే టార్క్‌ను, వెంటనే తీసే టార్క్‌ను టార్క్ డ్రైవర్‌తో కొలవండి. దించడానికి పట్టినదానికంటే తీయడానికి బాగా తక్కువ పట్టిందంటే మర అరిగిందనో, గోడ పగిలిందనో అనుమానించాలి. ఆ రంధ్రం మీదుగా ఎముకను రంపంతో అడ్డంగా కోసి, భూతద్దంలో అంచు చూస్తే రెండింట్లో ఏది జరిగిందో తేలిపోతుంది.